అందరూ నీళ్ళు పోసిన దేవకాంచనం

మొన్నొక శుక్రవారం మా కోడలు నన్ను మొక్కల దుకాణానికి లాక్కుపోయింది. ఫోన్‌లో ఏదో చెట్టు బొమ్మ చూసి మనసు పారేసుకుంది. ఒక్క ఆకు లేదు, కొమ్మ పొడుగునా గులాబీ రంగు పూలు. రెడ్‌బడ్ అంటారట. దాన్ని తెచ్చి ఇక్కడ ఖతర్‌లో, ఐన్ ఖాలిద్‌లో మా ఇంటి గేటు పక్కన నాటాలని పిల్ల ముచ్చట. దుకాణంలో ఉన్న మలయాళీ అబ్బాయి ఆ బొమ్మ చూసి నవ్వాడు. "మాఫీ మేడమ్. అది చలిదేశాల చెట్టు. ఇక్కడ ఒక్క ఎండాకాలం కూడా దాటదు" అని హిందీలో చెప్పి, "దాని చుట్టం ఒకటుంది, అదైతే బతుకుతుంది" అంటూ వెనక వరసలోంచి ఒక కుండీ తెచ్చి మా ముందు పెట్టాడు.

ఆకు చివర రెండుగా చీలి ఉంది, బురదలో ఆవు గిట్ట పడిన అచ్చులాగా. దాని పేరు నేను అడగలేదు. దేవకాంచనాన్ని కళ్ళు మూసుకుని తడిమినా గుర్తుపడతాను. "అత్తమ్మా, ఏంటి అట్లా అయిపోయారు?" అంది కోడలు. ఎండ అన్నాను.

మొక్క ఇంటికొచ్చింది. పొద్దున కోడలు నీళ్ళు పోసింది. ఆఫీసుకు పోతూ పోతూ మా అబ్బాయి ఇంకో మగ్గు పోశాడు. మధ్యాహ్నం పనమ్మాయి పోసింది. సాయంత్రం మళ్ళీ కోడలు పైపు పట్టుకుని బయలుదేరింది. వరండాలోంచి ఒక్క అరుపు అరిచాను. పక్కింటివాళ్ళు కూడా తొంగి చూశారు. మొక్కకు నీళ్ళు పోస్తే ఇంత కోపమేంటని మావాడు ఆ వారమంతా నన్ను ఆటపట్టించాడు. నేను మొదటినుంచీ నోరున్నదాన్నే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ అరుపు వేరే చోటునుంచి వచ్చింది. అదేమిటో వాళ్ళకు చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి, వాళ్ళకు అంత తీరిక లేదు.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేముండిన విల్లా ఇప్పుడు లేదు. ఆ సందూ లేదు. మా చిన్నప్పుడు అదొక పెద్ద ఇల్లు, లోపల ప్లైవుడ్ పలకలు అడ్డం కొట్టి గదులు చేశారు. గదికొక సంసారం. ముందు గదిలో మాత్రం పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చిన మగవాళ్ళు. ఒక గదిలో నేను తుమ్మితే పక్క గదిలోంచి "చిరంజీవ" అని వినపడేది. ఎవరి మొగుడు ఎవరిమీద కేకలేశాడో, ఎవరింట్లో పప్పు మాడిందో అందరికీ తెలుసు. తెలిసినా తెలియనట్టుండటం ఆ ఇంటి మర్యాద.

వంటిల్లు ఒక్కటే. వంతులవారీగా వండుకునేవాళ్ళు. మా అమ్మ వంతులో శెనక్కాయల పొడి, ఉల్లిపాయ కారం వాసన. ఎదురు గదిలో ఉండే గోదావరివైపు అత్తయ్యగారి వంతులో చేపల పులుసు. ముందుగది వాళ్ళ వంతు వచ్చేసరికి ఎండుమిరపకాయల ఘాటుకు మేమంతా దగ్గుతూ వాకిట్లోకి పరుగెత్తేవాళ్ళం. వీధి చివర టీ అంగట్లో కరక్ చాయ్ మరుగుతున్న ఏలకుల వాసన, ఎదురింటి అరబ్బుల ఇంట్లోంచి ఊద్ ధూపం పొగ, డ్యూటీనుంచి వచ్చిన నాయన చొక్కాకు గ్యారేజీ గ్రీజు. ఇవన్నీ కలిస్తేనే నాకు సాయంత్రం అయినట్టు. ఇప్పుడు మా ఇంట్లో ఏ వాసనా గది దాటదు, చిమ్నీ పీల్చేస్తుంది.

ఊరికి ఉత్తరాల బదులు మాటలు పట్టిన క్యాసెట్లు పంపేవాళ్ళం. టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని అందరూ వంతుగా అరిచేవాళ్ళు, ఊరు దూరం కాబట్టి గట్టిగా చెప్పాలన్నట్టు. నేను మధ్యలో దూరి పిల్లిలాగా అరిచి తన్నులు తినేదాన్ని. ఆ క్యాసెట్ ఊళ్ళో అవ్వ విని, "నా మనవరాలిని పిల్లి కరిచిందా ఏమి" అని కంగారు పడిందని జవాబు క్యాసెట్ వచ్చింది.

మా గదికి ఆనుకుని ఉన్న చిన్న గదిలో చిన్నమ్మ, చిన్నాయన ఉండేవాళ్ళు. చిన్నమ్మ మా అమ్మకు సొంత చెల్లెలు. కడప పక్క పల్లెనుంచి వచ్చి, ఇద్దరూ ఒకే ఖతరీ ఇంట్లో పనిచేసేవాళ్ళు. ఆయన కారు డ్రైవరు, ఆమె ఇంటిపని. చిన్నమ్మకు కడుపు వచ్చాక ఆ ఇంటి పెద్దావిడే పని మానిపించింది. చిన్నమ్మ ఉంటే ఇంటికి సందడి. నాకు జడ వేస్తూ వెంట్రుకలు పీకి, నేను ఏడిస్తే తానూ ఏడ్చినట్టు నటించేది. మా అమ్మకంటే నాకు ఆమే ఎక్కువ, ఈ మాట మా అమ్మకు కూడా తెలుసు.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో చిన్నమ్మ ఆసుపత్రికి పోయింది. ఆడపిల్ల పుట్టిందన్నారు. నేను స్కూల్లో అందరికీ చాక్లెట్లు పంచాను. ఆ పిల్ల ఇంటికి రాలేదు. చిన్నమ్మ ఇంకా వార్డులో ఉండగానే చిన్నాయన, మా నాయన, ముందుగది మేస్త్రీ మామ పోయి పాపను మట్టిలో పెట్టి వచ్చారు. ఆడవాళ్ళెవరూ పోలేదు. పోకూడదన్నారు.

చిన్నమ్మ ఇంటికి వచ్చేలోపల మా అమ్మా, అత్తయ్యగారూ కలిసి ఆ గది సర్దేశారు. కొత్త ఉయ్యాల గుడ్డ, చిన్న చొక్కాలు, ఊరినుంచి వచ్చిన వసకొమ్ము, కాటుక డబ్బీ అన్నీ మూటకట్టి మా మంచం కిందికి తోశారు. పసిబిడ్డ పోతే మా వాళ్ళలో దినం లేదు, కర్మ లేదు, పదిమంది కూర్చుని ఏడ్చే రోజంటూ లేదు. తలకు పోసుకుంటే అయిపోయింది. పాప మాట ఎత్తకూడదని పెద్దవాళ్ళు గుసగుసగా ఒప్పందం చేసుకున్నారు. పిల్లలకు కళ్ళురిమి చెప్పారు. ఊరికి పంపిన క్యాసెట్‌లో కూడా "అందరం బాగుండాం" అనే పట్టారు. ఆ వెనకే చిన్నమ్మ గొంతు పట్టాలని నాయన టేప్ రికార్డర్ ముందు పెడితే ఆమె చాలాసేపు చూసి, "ఏం చెప్పాల?" అంది. అది క్యాసెట్‌లో ఉండిపోయింది.

తర్వాత ఆ మాత్రం మాట కూడా పోయింది. లేచేది, స్నానం చేసేది, పెడితే తినేది, అడిగిందానికి తల ఊపేది. నా జడ మా అమ్మే వేయడం మొదలుపెట్టింది. చిన్నాయన మా నాయనతో, "ఊరికి పంపేస్తా అన్నా. ఇక్కడుంటే మనిషి దక్కేటట్టు లేదు" అనేవాడు. ఆ మాట అంటే చాలు, చిన్నమ్మ తల అడ్డంగా ఊపేది. బిడ్డ ఇక్కడ ఉండగా తాను పోనని ఆమె అర్థం. అది అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనలేదు.

చలి మొదలయ్యాక ఒకరోజు చిన్నాయన ఆమెను పనిచేసిన ఇంటికి తీసుకుపోయాడు. ఆ పెద్దావిడకు మన మాట రాదు, చిన్నమ్మకు అరబ్బీ వంటింటి మేరకే. ఆవిడ చిన్నమ్మ తల నిమిరి "సబర్, సబర్" అని, ఓర్చుకోమని చెప్పి, తోటలోకి పోయి పాలపొడి డబ్బాలో మొలిచిన దేవకాంచనం మొక్కను తెచ్చి చేతిలో పెట్టిందట. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని చిన్నమ్మ కారులో వచ్చింది. దాన్ని వాకిట్లో తానే నాటింది. సిమెంటు తీసిన ఒక జానెడు నేల ఉండేది, గోడ పక్కన. ఆ సాయంత్రం మా అమ్మతో చాలారోజుల తర్వాత ఒక మాట అంది. "ఇది నిలిస్తే నేనూ నిలుస్తా అక్కా."

మా అమ్మ ఆ మాట వెంటనే ఇల్లంతా చెప్పేసింది. అమ్మ కడుపులో ఏ మాటా దాగదు, ఆ గుణం నాకు ఆమెనుంచే వచ్చింది.

మొదట్లో మొక్క బాగానే ఉండింది. చిన్నమ్మ పొద్దున్నే ఒక చెంబు నీళ్ళు పోసి, దాని ముందు చాప వేసుకుని కూర్చునేది. కొత్త ఆకు వస్తే మడత విప్పకుండానే నాకు చూపించేది, మాట్లాడకుండా వేలితో. రెండు రెక్కలూ దగ్గరకు మూసుకుని, పుస్తకం లాగా ఉండేది లేతాకు. మేము పిల్లలం ఆకులు తెంపి పెదాల మధ్య పెట్టి పీ పీ అని ఊదాలని చూస్తే ఆమె కళ్ళతోనే ఆపేది. ఆ చూపుకు మేము నిజంగా భయపడేవాళ్ళం.

చలి ముదిరేసరికి ఆకు పసుపుబారింది. ఈనెలు మాత్రం పచ్చగా, మధ్యభాగం పసుపు. తర్వాత అంచులు మాడి, గోధుమరంగుకు తిరిగి ముడుచుకున్నాయి. ఒక కొమ్మ నల్లబడింది. మొదలు చుట్టూ మట్టిమీద తెల్లటి పొర తేలింది, వేలితో గీకి నాలుకకు రాసుకుంటే ఉప్పగా ఉండేది. నేను రాసుకుని చూశాను. చిన్నమ్మ ఆ మొక్క ముందు కూర్చునే సేపు పెరిగింది, అన్నం తినే సేపు తగ్గింది. చిన్నాయన నోట ఊరికి పంపే మాట మళ్ళీ వచ్చింది. టికెట్టు కూడా అడిగి వచ్చాడని మా నాయన అన్నాడు.

పెద్దవాళ్ళు వంటింట్లో వైద్యం మాట్లాడుకునేవాళ్ళు, చిన్నమ్మకు వినపడకుండా.

"పొలంలో అయితే చెట్టు మొదట్లోకి మన్ను ఎగదోసి పాదు కట్టేది. వేరు చల్లగుంటాది" అంది మా అమ్మ. ఎవరూ చూడనప్పుడు పోయి మట్టి కాండం మీదికి జానెడెత్తు ఎగదోసి వచ్చింది.

"బియ్యం కడిగిన నీళ్ళు పోస్తే ఏ చెట్టైనా కళకళ్ళాడిపోద్దమ్మా. మా ఇంట్లో మందారాలకు అవే పోసేవాళ్ళం" అంది అత్తయ్యగారు.

ముందుగది మేస్త్రీ మామది కరీంనగర్ పక్క పల్లె, సైటులో పని. ఆయన వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఎండిపోతున్నట్టుందక్కా. పిల్ల మనసు బాగలేదు గదా, నీళ్ళు పోసుడు మర్చిపోతుందో ఏమో" అన్నాడు. ఆ మాట అందరి మనసులోనూ ఉన్నదే. 

అప్పుడే నాకు ఆటలమ్మ పోసింది. స్కూలు లేదు, ఆట లేదు. వీధిలో వేపచెట్టునుంచి నాయన మండలు విరుచుకొచ్చి నా పక్కమీద పరిచాడు. ఉప్పూ కారం లేని పెరుగన్నం. గోక్కోకుండా చేతులకు మేజోళ్ళు తొడిగారు. కిటికీ పక్కన పడుకోబెడితే నాకు కనపడేది వాకిలి, గోడ, ఆ మొక్క, అంతే. ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదనుకున్నాను. కానీ రెండోనాటికల్లా నాకు ఆ కిటికీ సినిమాకంటే బాగుంది.

తెల్లవారగానే చిన్నమ్మ వచ్చి ఒక చెంబు పోసేది. ఆమె లోపలికి పోగానే మేస్త్రీ మామ డ్యూటీ బట్టల్లో, హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చి అటూ ఇటూ చూసి, తన తాగునీళ్ళ క్యాన్‌నుంచి సగం వంపేసి బస్సు కోసం పరుగెత్తేవాడు. పొయ్యి ముట్టించే వేళకు అత్తయ్యగారు బియ్యం కడిగిన నీళ్ళు కొంగుచాటున పట్టుకుని వచ్చేది. బట్టలు ఆరేసే వంకతో మా అమ్మ. మధ్యాహ్నం గ్యారేజీనుంచి అన్నానికి వచ్చిన మా నాయన చేతులు కడుక్కునేది కూడా ఆ పాదులోనే. సాయంత్రం అత్తయ్యగారి కొడుకు, నాకంటే చిన్నవాడు, బొమ్మ బకెట్‌తో. చీకటి పడకముందు చిన్నమ్మ మళ్ళీ ఒక చెంబు. నేను కూడా నా మందునీళ్ళు, మజ్జిగా కిటికీ ఊచల్లోంచి ఆ పక్కకే పారబోసేదాన్ని, కాబట్టి నన్ను వదిలి లెక్క చెప్పకూడదు.

ఒకరు పోస్తున్నది ఇంకొకరికి తెలియదు. ప్రతి ఒక్కరికీ తామొక్కరే ఆ చెట్టును కాపాడుతున్నామని లోపల గట్టి నమ్మకం. దాన్ని దాటుకుంటూ పోయేటప్పుడు వాళ్ళ ముఖాల్లో చూడాలి, గుడికి పోయి వచ్చినట్టు.

శుక్రవారం వచ్చింది. మగవాళ్ళంతా ఇంట్లో ఉన్నారు. ఆ పొద్దున మొక్క మిగిలిన ఆకులు కూడా వాల్చేసింది. చిన్నమ్మ గుమ్మంలో కూర్చుని దాన్నే చూస్తోంది. ఇంక లాభం లేదని మేస్త్రీ మామ గడ్డపార తెచ్చాడు. మొదట మా అమ్మ ఎగదోసిన మట్టి పక్కకు లాగారు. దానికింద కాండం బెరడు మెత్తబడి, గోటితో నొక్కితే నీరు వచ్చింది. పక్కనే లోతుకు తవ్వితే కుళ్ళిన వాసన. మురుగుకాలువ దగ్గర వచ్చే వాసన. అందరూ ముక్కు మూసుకున్నారు. ఇంకొంచెం లోతున గడ్డపార ఠంగుమంది. కింద తెల్లటి రాయిపొర, స్లాబ్ పోసినంత గట్టిగా. దానిమీద నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"గిది నేల గాదక్కా, కుండ. కిందికి ఇంకే తొవ్వనే లేదు. ఏర్లు నీళ్ళల్లనే మురిగిపోతున్నయి" అన్నాడు మేస్త్రీ మామ. తర్వాత తల ఎత్తి, "అయినా గిన్ని నీళ్ళు ఎవలు పోస్తున్నరు?" అన్నాడు, తన క్యాన్ సంగతి తనకే గుర్తులేనట్టు.

 ఆటలమ్మ పొక్కులు మాడిపోయి, నన్ను అప్పుడే వాకిట్లోకి వదిలారు. ఇన్నాళ్ళు కిటికీ వెనక మూసిపెట్టిన నోరు.

"నువ్వే మామా! పొద్దున నువ్వు పోస్తావు. తర్వాత అత్తయ్యగారు బియ్యం నీళ్ళు. తర్వాత మా అమ్మ. నాయన చేతులు కడుగుతాడు. వీడు బకెట్‌తో పోస్తాడు. అందరూ పోస్తారు, నేను చూసినా!"

వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మర్చిపోతుందేమోనని... పిల్ల మర్చిపోతుందేమోనని నేనే కాసిని పోస్తున్నానమ్మా" అంది. అదే మాట తానూ అనబోయి మా అమ్మ ఆగిపోయింది.

"నేను యా పొద్దూ మర్చిపోలా."

గుమ్మంలోంచి వచ్చింది ఆ గొంతు. చిన్నమ్మ లేచి నిలబడి ఉంది. అంత గట్టిగా ఆమె మాట్లాడి ఎన్ని నెలలైందో.

"యాల మర్చిపోతా? మీకు మరుపొచ్చింది గాని నాకు రాలేదు. అందరూ ఆ చెట్టుకు పోసినారు, సరే. ఒక్కరన్నా నా కాడికి వచ్చి, నీ బిడ్డ ఎట్లుండె అని అడిగినారా? అది పుట్టలేదా? ఉత్తదేనా? గుడ్డలన్నీ మూటకట్టి యాడనో దాస్తిరి. నేను వెతకలేదనుకుంటిరా?"

మా అమ్మ నిలుచున్నచోటే కూలబడి ఏడ్చింది. చిన్నాయన గోడవైపు తిరిగాడు. నేను నా నోటివల్లే ఇదంతా జరిగిందని భయపడి వేపమండ ఒకటి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు గోదావరి అత్తయ్యగారు, ఆ ఇంట్లో మాకు ఏ చుట్టరికమూ లేని మనిషి, నెమ్మదిగా పోయి చిన్నమ్మ పక్కన గడపమీద కూర్చుంది. ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఎలా ఉండేదమ్మా పాప?" అని అడిగింది.

చిన్నమ్మ చెప్పింది. నల్లగా ఉండేదని, తల నిండా జుట్టని, ముక్కు తనది కాదు, వాళ్ళ నాయనదని. ఆవులించేటప్పుడు ఒక కన్ను మాత్రం మూసేదని. తాను పెట్టాలనుకున్న పేరు కూడా చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను, అది ఆమెది. మా అమ్మ మంచం కిందినుంచి మూట తెచ్చి విప్పింది. ఆడవాళ్ళందరూ గడప చుట్టూ చేరి చిన్న చొక్కాలు చేతుల్లోకి తీసుకుని చూశారు. ఏడ్చారు. ఆ రోజు ఎవరి వంతూ వంట జరగలేదు. మధ్యాహ్నానికి మేస్త్రీ మామ ఖుబ్బూస్ రొట్టెలూ, పెరుగూ కొనుక్కొచ్చి అందరిముందూ పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ గడ్డపార పట్టాడు. సాయంత్రం దాకా ఆ రాయిపొరను పొడిచి కిందికి బొక్క తీశాడు. ఇంక ఆ మొక్కకు నీళ్ళు పోయడం చిన్నమ్మ ఒక్కదాని పనే అని, అది కూడా మట్టిలో వేలు పెట్టి చూసి, లోపల పొడిగా తగిలితేనే అని తీర్మానం చేశారు.

ఆ చెట్టు సంగతి కూడా చెప్పేస్తాను. నల్లబడిన కొమ్మలు కోసేశాక ఒట్టి కట్టెపుల్ల మిగిలింది. బతుకుతుందని ఎవరికీ ఆశ లేదు. ఎండలు ముదిరే ముందు మొదలుకు జానెడు పైన ఎర్రటి మొలక ఒకటి పొడిచింది. ఎండాకాలమంతా పాత దుప్పటి కట్టి వడగాలినుంచి కాచాం. ట్యాంకు నీళ్ళు ఉప్పగా ఉంటాయని ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టి, కారిన ఆ చప్పటి నీళ్ళే పోసేది చిన్నమ్మ, పోస్తే ఒకేసారి నిండుగా, లేకపోతే లేదు. ఒక పక్కకే ఒరిగిన వంకర చెట్టయింది. తర్వాత చాలా చలికాలాలు పూసింది. మేము అల్ ముంతజా పేటకు మారిపోయాక ఆ విల్లాను పడగొట్టారు. చెట్టును వేరే చోటికి మార్చాలని మా నాయన అడిగాడు గానీ, వేరు రాతి బొక్కలోంచి ఎంతో లోతుకు దిగిపోయింది, రాలేదు.

కానీ నేను చెప్పాలనుకున్నది చెట్టుతో అయిపోలేదు. ఆ శుక్రవారమే, పొద్దు వాలుతుండగా, చిన్నమ్మ తన మొగుణ్ణి అడిగింది.

"యాడ పెట్టినారు? నాకు సూపీ."

"ఆడోళ్ళు రాకూడదు" అన్నాడాయన. "అక్కడేముండాది, రాళ్ళు."

"ఆ రాళ్ళే సూపీ."

ఆయన మా అమ్మ వైపు చూశాడు, అడ్డుపడుతుందేమోనని. మా అమ్మ ముక్కు చీది, "నేనూ వస్తా పదబ్బా" అంది.

తర్వాతి శుక్రవారం పోయాం. నేను వెంటపడితే నన్నూ తీసుకుపోయారు. ఊరి బయట గోడ కట్టిన నేల, ఇతర మతాలవాళ్ళకని వదిలింది. చెట్టూ చేమా లేదు. దుమ్ము కొట్టుకుపోయిన చిన్న చిన్న మట్టి దిబ్బలు, ఒక్కోదాని తలవైపు ఒక రాయి. దేనిమీదా పేరు లేదు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఇన్నింటిలో ఏదో ఈయన ఎలా గుర్తుపడతాడా అని నేను అనుకున్నాను. మా అమ్మ కూడా అదే అనుకుని ఉంటుంది.

చిన్నాయన కారు దిగి, సీటు కిందినుంచి నీళ్ళసీసా ఒకటి తీసుకుని నడిచాడు. ఎక్కడా ఆగలేదు, అటూ ఇటూ చూడలేదు. దిబ్బల మధ్య సన్నటి దారిలో ఇంట్లో నడిచినట్టు నడిచి, ఒకచోట పక్కకు తిరిగి, ఇంకొంచెం పోయి నిలబడ్డాడు. చిన్నమ్మ కిందికి చూడలేదు, మొగుడి నడకనే చూస్తూ వెనక వచ్చింది. ఆయన నిలబడినచోట ఒక చిన్న దిబ్బ ఉంది. దాని చుట్టూ తెల్లటి గులకరాళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. వేరే దేనికీ అట్లా లేవు.

"నువ్వు వస్తాంటివా?" అంది చిన్నమ్మ.

"డ్యూటీలో ఈ పక్కకు వచ్చినప్పుడంతా."

"నాకు యాల చెప్పలేదు?"

"చెబితే ఏడుస్తావని."

"ఏడిస్తే ఏమి?"

 చిన్నమ్మ కూర్చుని ఆ మట్టిమీద అరచెయ్యి పెట్టింది.  ఏడవలేదు. ఏదో చెప్పుకుంది, మాకు వినపడలేదు. మా అమ్మ నన్ను తనకేసి అదుముకుని నిలబడింది.

లేవబోయే ముందు చిన్నాయన అలవాటుగా సీసా మూత తిప్పి, దిబ్బమీదికి వంగాడు. వచ్చినప్పుడల్లా చేసేది అదేనని ఆ వంగడంలోనే తెలిసింది. చిన్నమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది.

"చాల్లే. దానికి దప్పిక లేదు. ఎండలో వచ్చినావు, నువ్వు తాగు."

 ఆయన సీసా నోటికి ఎత్తి ఒక గుక్క మింగాడు. రెండో గుక్క దిగలేదు. నీళ్ళు గడ్డంమీదుగా కారిపోయాయి, భుజాలు కదిలిపోయాయి. మగమనిషి అంత గట్టిగా ఏడవడం నేను చూడటం అదే మొదలు. చిన్నమ్మ ఆయన చేతిలోంచి సీసా తీసుకుని, ఇంకో చేత్తో వీపు నిమురుతూ, కొంచెం కొంచెంగా ఆయన చేత తాగించింది.

చిన్నమ్మకు అప్పటికి ఇరవై రెండో, ఇరవై మూడో. ఆయనకు ఇంకో రెండేళ్ళు ఎక్కువేమో. ఇప్పుడు తలచుకుంటే ఇద్దరూ మా అబ్బాయికంటే చిన్నవాళ్ళు. నాకు మాత్రం ఆ రోజు, ఆ ఎండలో, ఇద్దరూ చాలా పెద్దవాళ్ళుగా కనిపించారు.